వ్యతిరేకం అంటున్నారు సరే, దేనికి వ్యతిరేకం? – స్వలింగ జంటల హక్కులు, మన ఓటు

(ఓటర్ల అవగాహన సభలో చేసిన ప్రసంగం. రాలేకపోయినవాళ్ల కోసం రికార్డింగు విని రాసింది. తడబాట్లు మాత్రమే తీసేశాం.)

అందరికీ నమస్కారం. వెనక నిలబడ్డవాళ్లు ముందుకు రండి, కుర్చీలు ఖాళీగానే ఉన్నాయి.

నాకిచ్చిన ప్రశ్న చదువుతాను. "మా దగ్గర పోటీ చేసే ఆయన మంచివాడే, పనిమంతుడే. కానీ స్వలింగ సంపర్కుల హక్కులంటే ఆయనకి పడదు. ఓటెయ్యాలా వద్దా?" ఇదీ ప్రశ్న. వెయ్యండి, మానెయ్యండి అని ఒక్క ముక్కలో చెప్పేసి కూర్చోవచ్చు. కానీ ముందు రెండు సంగతులు తేలాలి. ఆయన దేనికి వ్యతిరేకం? ఆయన పోటీ చేసే పదవికి ఆ విషయంలో ఏం చేసే అధికారం ఉంది? ఈ రెండూ తేల్చుకోకుండా మనం అభిమానం మీదో కోపం మీదో ఓటేస్తున్నాం.

మొదటిది చూద్దాం. దేనికి వ్యతిరేకం? పాత శిక్షాస్మృతి ఐపీసీలోని 377 సెక్షన్ అందరికీ గుర్తుందిగా? ఇష్టపడి కలిసిన ఇద్దరు పెద్దవాళ్లని కూడా నేరస్తుల్ని చేసిన సెక్షన్. 2018 సెప్టెంబర్ 6న సుప్రీంకోర్టు ఐదుగురు జడ్జీల ధర్మాసనం, ఐదుగురూ ఒకే మాట మీద, ఆ భాగాన్ని కొట్టేసింది. నేరం కాదు అనడం ఒక విషయం. పోలీసులు, ఇంటి ఓనరు, కంపెనీ వివక్ష చూపిస్తే ఆపడం ఇంకో విషయం. రేషన్ కార్డు, నామినీ, ఆస్పత్రి సంతకం మరొకటి. పెళ్లి, దత్తత అన్నిటికంటే పెద్దది. ఒకాయన వీటిలో చివరిదానికి మాత్రమే వ్యతిరేకం కావచ్చు. ఇంకొకాయన మొదటిదానికే వ్యతిరేకం కావచ్చు. ఇద్దరినీ ఒకే గాటన కట్టేస్తే ఎలా?

ఉదాహరణ చెప్తాను. 2023 అక్టోబరులో స్వలింగ వివాహాల మీద తీర్పు వచ్చినప్పుడు హైదరాబాద్ ఎంపీ అసదుద్దీన్ ఒవైసీ ఏమన్నారు? పెళ్లి అనేది ఆడా మగా మధ్యనే అని తన విశ్వాసం, తన మనస్సాక్షి చెబుతున్నాయన్నారు. అక్కడితో ఆగలేదు, ఇది 377 లాగా నేరమా కాదా అనే గొడవ కాదు, పెళ్లికి గుర్తింపు గొడవ అని విడదీసి చెప్పారు. అంతకుముందు 2022 డిసెంబర్‌లో రాజ్యసభలో బీజేపీ ఎంపీ సుశీల్ కుమార్ మోదీ, ఇలాంటివి ఇద్దరు జడ్జీలు కూర్చుని తేల్చే విషయాలు కావన్నారు. మిగతా అన్నింట్లో వీళ్లిద్దరూ ఉప్పూ నిప్పూ. పెళ్లి దగ్గరికొచ్చేసరికి ఒకే వైపు. మీకు నచ్చినా నచ్చకపోయినా వాళ్లు దేనికి వ్యతిరేకమో స్పష్టంగా చెప్పారు. మీ అభ్యర్థి ఆమాత్రం స్పష్టంగా చెప్పారా? అది తెలుసుకోండి ముందు.

"నేరం సంగతి కోర్టు తేల్చేసింది కదండీ, ఇక ఓటుతో పనేంటి" అని అడిగేవాళ్లున్నారు. ఉన్నారా లేదా? ఉన్నారు, తలలూపుతున్నారు. తారీఖులు చూడండి. 2009 జులై 2న ఢిల్లీ హైకోర్టు నేరం కాదంది. 2013 డిసెంబర్ 11న సుప్రీంకోర్టు ఆ తీర్పుని తిరగరాసి దాన్ని మళ్లీ నేరంగా మార్చింది. 2018 దాకా అలాగే ఉంది. అంటే వచ్చిన హక్కు వెనక్కి పోయింది, దాదాపు ఐదేళ్లు పోయింది. ఆ మధ్యలో పార్లమెంటు ఒక్క సవరణ చేసి ఉంటే సరిపోయేది. చెయ్యలేదు. ఎందుకు చెయ్యలేదో కాసేపట్లో చెప్తాను, అది ముఖ్యం.

ఇప్పుడు 377 పుస్తకంలోనే లేదు. ఐపీసీ స్థానంలో 2024 జులై 1 నుంచి అమల్లోకొచ్చిన భారతీయ న్యాయ సంహితలో అసలా సెక్షన్ పెట్టలేదు. మంచిదే కదా? సగం మంచిదే. ఎందుకంటే సుప్రీంకోర్టు కొట్టేసింది ఇష్టంతో జరిగేదాన్ని నేరమన్న భాగాన్ని. బలవంతం చేస్తే శిక్ష వేసే భాగాన్ని ఉంచింది. కొత్త చట్టంలో రెండూ పోయాయి. ఒక మగవాడి మీద అత్యాచారం జరిగితే ఇవాళ ఏ సెక్షన్ కింద కేసు పెడతారు? రేప్ సెక్షన్లో బాధితురాలు స్త్రీ మాత్రమే. చివరికి మామూలు దెబ్బలాట సెక్షన్ల కింద పెట్టుకోవాలి. పార్లమెంటు స్టాండింగ్ కమిటీ ఈ లోటు పడుతుందని ముందే చెప్పింది, అయినా వదిలేశారు. ఎంపీగా నిలబడ్డవాళ్లని అడగాల్సిన ప్రశ్న ఇది. దీనికి జవాబు చెప్పడానికి స్వలింగ జంటల మీద ప్రేమ ఉండక్కర్లేదు. మగపిల్లలున్న ఏ ఇంటివాళ్లైనా అడగొచ్చు.

పెళ్లి సంగతికొద్దాం. ఆ కేసు మన ఊరి జంటదే, హైదరాబాద్‌లో ఉంటున్న ఇద్దరు మగవాళ్లు వేసిన పిటిషన్‌తో మొదలైంది. 2023 అక్టోబర్ 17న తీర్పు. పెళ్లి చేసుకోవడం రాజ్యాంగం ఇచ్చిన ప్రాథమిక హక్కు కాదని ఐదుగురు జడ్జీలూ అన్నారు. సహజీవన బంధానికి చట్టపరమైన గుర్తింపు ఇవ్వాలని ఇద్దరన్నారు, ముగ్గురు కాదన్నారు. చట్టం చేసే పని చట్టసభలదే అని తేల్చారు. ఆ తీర్పుని మళ్లీ చూడమని వేసిన రివ్యూ పిటిషన్లు 2025 జనవరి 9న కొట్టేశారు. అంటే ఏమైనట్టు? కోర్టు దారి మూసుకుపోయింది, కనీసం ఇప్పటికి. ఇకమీదట ఏం రావాలన్నా మీరు ఎన్నుకునే మనుషుల దగ్గర్నుంచే రావాలి. అందుకే ఇవాళ ఈ ప్రశ్నకి ఇంత బరువు. పదేళ్ల క్రితం ఇదే సభ పెట్టి ఉంటే, ఓటు సంగతి వదిలెయ్యండి, కోర్టు చూసుకుంటుంది అనేవాణ్ణేమో.

సరే, ఎవరి దగ్గర్నుంచి రావాలి? ఎంపీ ఒక్కడేనా? ఇక్కడే చాలామంది పొరబడతారు. పెళ్లి, విడాకులు, దత్తత, వారసత్వం ఇవన్నీ రాజ్యాంగంలో ఉమ్మడి జాబితా ఐదో అంశం. ఉమ్మడి అంటే కేంద్రం చెయ్యొచ్చు, రాష్ట్రం కూడా చెయ్యొచ్చు. ఉత్తరాఖండ్ 2024లో సొంతంగా పౌరస్మృతి చట్టం చేసుకుంది చూశారుగా? అందులో పెళ్లి ఆడా మగా మధ్యే, సహజీవనం రిజిస్టర్ చేసుకోవాలన్నదీ ఆడా మగా మధ్యే. ఒక రాష్ట్ర అసెంబ్లీ తలుచుకుంటే ఎంత దూరం వెళ్లగలదో అది చూపించింది. ఆ దారిలోనే ఇంకో రాష్ట్రం ఇంకో దిక్కుకి కూడా వెళ్లొచ్చు, రాష్ట్రపతి ఆమోదం తీసుకుని. కాబట్టి ఎమ్మెల్యే ఎన్నికలో ఈ ప్రశ్నకి చోటు లేదనకండి. పైగా మన రెండు రాష్ట్రాల రాజ్యసభ సభ్యులు, ఆంధ్రకి 11 మంది, తెలంగాణకి ఏడుగురు, వాళ్లని ఎన్నుకునేది కూడా ఎమ్మెల్యేలే.

అసలు పెళ్లి చట్టం దాకా పోకముందే రాష్ట్రం చేతిలో ఉన్నవి బోలెడు. రేషన్ కార్డు తీసుకోండి. 2024లో కేంద్రం స్పష్టంగా చెప్పింది, కలిసి ఉంటున్న స్వలింగ జంటని రేషన్ కార్డు కోసం ఒకే ఇంటివాళ్లుగా లెక్కించాలని. జాయింట్ అకౌంట్‌కి, ఆ అకౌంట్లో ఒకరినొకరు నామినీగా రాసుకోడానికి అడ్డేమీ లేదని బ్యాంకులకి చెప్పింది. చనిపోయినప్పుడు దగ్గరి బంధువులు అందుబాటులో లేకపోతే తోడుగా ఉన్న మనిషి మృతదేహాన్ని తీసుకోవచ్చని ఆరోగ్యశాఖ రాష్ట్రాలకి రాసింది. బాగానే ఉంది. కానీ కార్డు ఇచ్చేది ఎవరు? రాష్ట్రం. మీసేవలోనో సచివాలయంలోనో అప్లికేషన్ పెడితే అక్కడ "సంబంధం" అనే గడిలో ఏం రాయాలి? భార్య, భర్త, కొడుకు, కూతురు... ఆ గడిలో ఈ జంటకి సరిపోయే మాట లేకపోతే కేంద్రం రాసిన ఉత్తరం ఢిల్లీలోనే ఉంటుంది. ఒక జీవో, ఒక సాఫ్ట్‌వేర్ మార్పు, అంతే కావలసింది. అసెంబ్లీలో ఓటింగ్ కూడా అక్కర్లేదు. ఇది ఎమ్మెల్యేని, మంత్రిని అడగాల్సిన పని.

ఇక్కడో మాట చెప్పాలి, రాసుకునేవాళ్లు రాసుకోండి. నామినీ అయితే ఆస్తి వచ్చేసినట్టే అనుకుంటారు. కాదు. నామినీ అంటే డబ్బు చేతికి తీసుకునే మనిషి. హక్కు వారసులది. వారసత్వ చట్టంలో ఈ జంటలో ఒకరికొకరు ఏమీ కారు. వీలునామా లేకపోతే ముప్పై ఏళ్లు కలిసున్నా ఇంట్లోంచి పంపించేస్తారు. పీఎఫ్ ఇంకా కష్టం. స్కీములో కుటుంబం అని రాసిన మనుషులు బతికుంటే బయటివాళ్ల పేరు మీద పెట్టిన నామినేషన్ చెల్లదు. పీఎఫ్ కేంద్రానిది, ఎంపీ పని. మరి ఇల్లు రాసివ్వాలంటే? సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసులో కుటుంబ సభ్యులకి చేసే గిఫ్ట్, సెటిల్‌మెంట్ దస్తావేజుకి స్టాంపు డ్యూటీ తక్కువ. బయటివాళ్లకి ఎక్కువ. ఈ జంట బయటివాళ్ల కిందే లెక్క. ఆ రేటు నిర్ణయించేది పూర్తిగా రాష్ట్ర ప్రభుత్వం. చూశారా, ఒకే ఇంటి గొడవ, పీఎఫ్ ఢిల్లీలో, స్టాంపు డ్యూటీ ఇక్కడ. అందుకే పదవి చూడండి, పదవి చూడండి అంటున్నాను.

పోలీసులు కూడా రాష్ట్రమే. ఇద్దరమ్మాయిలు ఇల్లు వదిలి వెళ్లిపోతే జరిగేది ఏంటి? మేజర్లే అయినా మిస్సింగ్ కేసు, కిడ్నాప్ కేసు, స్టేషన్లో కౌన్సెలింగ్ పేరుతో బలవంతంగా తల్లిదండ్రులకి అప్పగించడం. 2024 మార్చిలో సుప్రీంకోర్టు హైకోర్టులకే మార్గదర్శకాలిచ్చింది, ఇలాంటి కేసుల్లో కౌన్సెలింగ్ పేరుతో వాళ్ల మనసు మార్చే ప్రయత్నం చెయ్యొద్దని. తమిళనాడులో మద్రాస్ హైకోర్టు చెప్పాక 2022లో పోలీసు ప్రవర్తనా నియమాలకి ఒక నియమం చేర్చారు, ఈ జంటల్ని, వాళ్ల తరఫున పనిచేసేవాళ్లని వేధించకూడదని. అసెంబ్లీలో బిల్లు పెట్టక్కర్లేదు, నియమం మారిస్తే చాలు. మన రెండు రాష్ట్రాల్లో హోంమంత్రి కాగలిగే పార్టీ అభ్యర్థిని ఈ ఒక్కటీ అడగండి, ఆ నియమం మీరూ పెడతారా అని. పెళ్లికి వ్యతిరేకమైనవాడు కూడా దీనికి సరే అనొచ్చు. అంటే కొంత తేలినట్టే. దీనికి కూడా కాదంటే అప్పుడు ఆయన వ్యతిరేకత పెళ్లి మీద కాదు, మనుషుల మీద.

ఇందాక వాయిదా వేసిన సంగతి. పార్లమెంటు ఎందుకు చెయ్యలేదు? 2015 డిసెంబర్ 18న కాంగ్రెస్ ఎంపీ శశి థరూర్ 377 మార్చే ప్రైవేటు బిల్లు, అంటే ప్రభుత్వం కాకుండా ఒక సభ్యుడు సొంతంగా పెట్టే బిల్లు, లోక్‌సభలో ప్రవేశపెట్టబోయారు. పాస్ చెయ్యడం కాదండీ, ప్రవేశపెట్టడానికే ఓటింగ్ అడిగారు. అనుకూలం 24, వ్యతిరేకం 71, తటస్థం ఒకటి. మొత్తం 96. లోక్‌సభ సీట్లెన్ని? 543. మిగతావాళ్లు ఎక్కడ? ప్రైవేటు బిల్లులకిచ్చేది శుక్రవారం మధ్యాహ్నం చివరి రెండున్నర గంటలు, అప్పటికి చాలామంది ఊరికి విమానం ఎక్కేసి ఉంటారు. 2016 మార్చిలో మళ్లీ ప్రయత్నించారు. 14 అనుకూలం, 58 వ్యతిరేకం. మీ ఎంపీ ఆ రోజు ఏ వైపు? సభలో ఉన్నారా అసలు? వ్యతిరేకంగా ఓటేసిన 71 మందిని తిడతాం సరే, రాని నాలుగొందల పైచిలుకు మందిని ఎవరూ అడగరు. నా లెక్కలో గైర్హాజరీ కూడా ఒక ఓటే.

ప్రభుత్వ బిల్లైతే కథ వేరు. పార్టీ విప్ ఇస్తుంది, అంటే ఇటే ఓటెయ్యాలని తన సభ్యులకి ఆదేశం. రాజ్యాంగం పదో షెడ్యూల్, అదే ఫిరాయింపుల నిరోధక చట్టం, ప్రకారం విప్ ధిక్కరిస్తే సభ్యత్వం పోవచ్చు. కాబట్టి మీ అభ్యర్థి వ్యక్తిగతంగా ఎంత ఉదారవాది అయినా ప్రభుత్వ బిల్లు మీద ఆయన చెయ్యి పార్టీ ఎటు లేపమంటే అటే లేస్తుంది. వ్యక్తిగతంగా ఎంత వ్యతిరేకి అయినా అంతే. పార్టీ అభ్యర్థి విషయంలో పార్టీ మేనిఫెస్టో బరువు ఎక్కువ, మనిషి మాట బరువు తక్కువ. స్వతంత్ర అభ్యర్థి అయితే తలకిందులు. ప్రైవేటు బిల్లుల మీద సాధారణంగా విప్ ఉండదు, మనిషి మనసు బయటపడేది అక్కడే. కానీ స్వాతంత్ర్యం వచ్చాక చట్టమైన ప్రైవేటు బిల్లులు 14 మాత్రమే, చివరిది 1970లో. దాని మీద ఎక్కువ ఆశ పెట్టుకోకండి.

మేనిఫెస్టోలు చూద్దామా? 2024లో కాంగ్రెస్, విస్తృతంగా సంప్రదించి స్వలింగ జంటల బంధానికి పౌర ఒప్పందం తరహా గుర్తింపు ఇచ్చే చట్టం తెస్తామని రాసింది. సీపీఎం, స్పెషల్ మ్యారేజ్ యాక్ట్ తరహాలో చట్టం కావాలంది. బీజేపీ పత్రంలో ట్రాన్స్‌జెండర్లకి గరిమా గృహాలనే ఆశ్రయ కేంద్రాలు, గుర్తింపు కార్డులు, ఆయుష్మాన్ భారత్ ఉన్నాయి. స్వలింగ వివాహం మీద దాని ప్రభుత్వం 2023లో కోర్టులో అఫిడవిట్ వేసి మరీ వద్దంది.

ఇంతవరకూ చూసి ఫలానా పార్టీ మంచిది, ఫలానాది చెడ్డది అని లేచి వెళ్లిపోకండి. 2023లో కేంద్రం ఇదే విషయం మీద రాష్ట్రాల అభిప్రాయం అడిగింది. మే 10న కేంద్రం తరఫు లాయరు సొలిసిటర్ జనరల్ కోర్టుకి చెప్పారు, ఏడు రాష్ట్రాలు జవాబిచ్చాయి, వాటిలో నాలుగు టైం అడిగాయి, మూడు వద్దన్నాయి. ఏవి ఆ మూడు? అస్సాం, రాజస్థాన్, ఆంధ్రప్రదేశ్. అప్పుడు అస్సాంలో బీజేపీ, రాజస్థాన్‌లో కాంగ్రెస్, ఆంధ్రలో వైఎస్సార్‌సీపీ. మూడు పార్టీలు, ఒకే జవాబు. మన ఆంధ్ర ప్రభుత్వం వివిధ మతాల పెద్దల్ని సంప్రదించానని, వాళ్లందరూ వద్దన్నారని చెప్పింది. ఆ జంటల్ని అడిగిందా మరి? సరే, అది పక్కన పెట్టండి. రాజస్థాన్‌లో అధికారంలో ఉన్నప్పుడు వద్దన్న పార్టీయే ఏడాది తిరక్కుండా దేశమంతటికీ చట్టం తెస్తానని రాసింది. ప్రతిపక్షంలో రాసిన కాగితం కంటే అధికారంలో వేసిన సంతకం చూడండి. రెండిట్లో నేనైతే సంతకాన్నే నమ్ముతాను.

మన దగ్గర ఇంకో గందరగోళం ఉంది. స్వలింగ జంటల గురించి అడిగితే నాయకులు వెంటనే, "మేం ట్రాన్స్‌జెండర్లకి పెన్షన్ ఇస్తున్నాం కదా" అంటారు. నిజమే, ఆంధ్రలో పెన్షన్ ఉంది. తెలంగాణలో ట్రాఫిక్ అసిస్టెంట్లుగా తీసుకున్నారు. మంచి పనులు, మెచ్చుకుందాం. కానీ ట్రాన్స్‌జెండర్ల హక్కు వేరు, గే, లెస్బియన్ జంటల హక్కు వేరు. ట్రాన్స్‌జెండర్లకి 2019 చట్టం ఉంది, ఉద్యోగంలో వివక్ష చూపకూడదని అందులో రాసి ఉంది, అమలు సంగతి ఎలా ఉన్నా. ఒక గే కుర్రాణ్ణి ప్రైవేటు కంపెనీ ఆ కారణంతో తీసేస్తే వాడికి అలాంటి చట్టం లేదు. అడిగినదానికి కాకుండా పక్కదానికి జవాబొస్తే అది జవాబు కాదని గుర్తుపట్టండి. ఎన్నికల ప్రచారంలో ఇది తెగ జరుగుతుంది.

తెలుసుకోవడం ఎలా? నామినేషన్‌తో ఇచ్చే ఫారం 26 అఫిడవిట్లో కేసులు, ఆస్తులు, అప్పులు, చదువు ఉంటాయి. అభిప్రాయాలుండవు. కానీ కేసులు చూడండి, ఎవరి మీదైనా దాడి చేయించిన కేసుంటే అక్కడ కనిపిస్తుంది. సిట్టింగ్ ఎంపీ అయితే పార్లమెంటు వాళ్ల సంసద్ వెబ్‌సైటులో సభా కార్యక్రమాలు, చట్టసభల పనిని నమోదు చేసే పీఆర్ఎస్ అనే సంస్థ సైటులో హాజరు, అడిగిన ప్రశ్నలు, పెట్టిన ప్రైవేటు బిల్లులు. ఒక జాగ్రత్త. మూజువాణి ఓటుతో, అంటే నోటితో ఔను, కాదు అని అరిచి తేల్చిన విషయానికి పేర్లు నమోదు కావు. డివిజన్, అంటే ఓట్ల లెక్కింపు, అడిగినప్పుడే ఎవరెటు అన్నది రికార్డవుతుంది. యూట్యూబ్‌లో ఇరవై సెకన్ల ముక్క చూసి మాత్రం తేల్చెయ్యకండి. ముందు ప్రశ్న ఏం అడిగారో చూడకుండా జవాబు ముక్క పెడతారు.

ఇంటికి ప్రచారానికొస్తే అడగండి, కానీ ఎలా అడుగుతారు? మైకు ముందు, పదిమంది కార్యకర్తల మధ్య, "మీరు ఎల్‌జీబీటీని సపోర్ట్ చేస్తారా సార్" అంటే ఆయన ఏమంటాడు? "మన సంస్కృతి, మన సంప్రదాయం" అంటాడు. అన్నాక ఇక దిగిరాలేడు, మీరే ఆయన్ని ఆ మూలకి నెట్టినట్టు. పక్కకి పిలిచి చిన్న ప్రశ్న అడగండి. "కలిసుంటున్న ఇద్దరికి రేషన్ కార్డులో ఒకే ఇల్లుగా రాయమని కేంద్రమే చెప్పింది, మన జిల్లాలో ఇప్పిస్తారా?" దీనికి సంస్కృతి అడ్డు రాదు. ఔనంటే పేరు, తారీఖు రాసి పెట్టుకోండి.

ఇప్పుడు మీ మొదటి ప్రశ్న, ఓటెయ్యాలా వద్దా. నా గీత ఎక్కడో చెప్తాను, మీది మీరు గీసుకోండి. ఈ బంధాన్ని మళ్లీ నేరంగా మార్చాలనేవాడు, కొట్టండి తరమండి అనేవాడు, పోలీసుల్ని ఉసిగొల్పేవాడు – ఎంత పనిమంతుడైనా నా ఓటు లేదు. అది బేరమాడే విషయం కాదు. అన్నట్టు, మతం, కులం పేరుతో ఓటడిగితే ప్రజాప్రాతినిధ్య చట్టం 123 సెక్షన్ కింద అవినీతి పద్ధతి, ఎన్నిక రద్దు కావొచ్చు. స్వలింగ సంపర్కుల్ని తిట్టి ఓటడిగితే ఆ సెక్షన్‌లోకి రాదు. ఆపగలిగింది ఓటరే. ఇక పెళ్లికి మాత్రమే వ్యతిరేకమైనవాడు, రేషన్ కార్డుకి, పోలీసు నియమానికి సరేనన్నవాడు, ఆయన్ని మిగతా అభ్యర్థులతో పక్కపక్కన పెట్టి తూస్తాను. ఆస్పత్రి, నీళ్లు, బడి అన్నీ ఆ తక్కెడలో ఉంటాయి. ఉండాలి కూడా. గే అయిన మనిషికి కూడా నీళ్లు కావాలి కదా? కాకపోతే ఎంపీ ఎన్నికలో పెళ్లి మాట బరువు పెంచుతాను, ఎందుకంటే కోర్టు ఆ పని వాళ్లకే అప్పగించింది.

ఎవరూ నచ్చకపోతే నోటా అంటారు. 2013 నుంచి ఉంది. కానీ నోటాకి అందరికంటే ఎక్కువ ఓట్లొచ్చినా ఎన్నిక ఆగదు, తర్వాత ఎక్కువ వచ్చిన అభ్యర్థి గెలిచినట్టే. 2019లో విజయవాడ సెంట్రల్ 25 ఓట్ల తేడాతో తేలింది. అలాంటి చోట ఇద్దరిలో తక్కువ హాని చేసేవాడెవరో తెలిసి కూడా నోటా నొక్కితే ఎక్కువ హాని చేసేవాడికి దారిచ్చినట్టే. ఇద్దరూ నేను చెప్పిన గీతకి అవతలే ఉంటే నొక్కండి, తప్పు లేదు. ఇంట్లోవాళ్లు ఫలానావాళ్లకే వెయ్యమని ఒట్టు వేయించుకున్నా, బూత్ లోపల మీరు ఎవరికేశారో చెప్పమని ఎవరూ బలవంతం చెయ్యలేరు, చట్టమే ఉంది.

ఇక ప్రశ్నలు. ఆ కిటికీ పక్కన చెయ్యెత్తారు చూడండి, మైకు ఆమెకివ్వండి.